బొమ్మ ఉడుకుతోంది

చిన్నల్లుడికి ఒక జబ్బు ఉంది. మందు లేని జబ్బు. ఎక్కడైనా యంత్రం నెమ్మదిగా నడుస్తుంటే చూస్తూ ఊరుకోలేడు. ఎదుటివాళ్ళ ఫోను ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, "ఏదీ, ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపుతాడు. ఎవరింటికైనా చూడ్డానికి వెళితే, పలకరింపులు అయ్యీ అవకముందే వాళ్ళ కంప్యూటరు ముందు కూలబడి, లోపల తిష్ఠ వేసిన ప్రోగ్రాములన్నిటినీ ఏరి పారేస్తాడు. వాటిలో ఆ ఇంటాయన రోజూ వాడుకునేది కూడా ఒకటి ఉంటుందనుకోండి, అది వేరే సంగతి. చుట్టాలందరూ అతన్ని 'స్పీడు' అంటారు. అది మెచ్చుకోలు అని అతని నమ్మకం. పోనీ, అలాగే అనుకోనివ్వండి.

ఈ స్పీడుకి పిల్లనిచ్చిన మామగారిది అలమరాల పని. జనాల వంటిళ్ళకీ పడగ్గదులకీ వెళ్ళి గోడలు కొలిచి, బట్టల బీరువాలూ గిన్నెల అరలూ గీసి చూపించి, వడ్రంగుల చేత చేయించి బిగిస్తారు. ఒకప్పుడు కాగితం మీద నాలుగు గీతలు గీస్తే సరిపోయేది. ఇప్పటివాళ్ళకి అలా కుదరదు. చెక్క కొయ్యకముందే అలమరా రంగులతో, వెలుగునీడలతో ఫోటో దిగినట్టు కనబడాలి. ఆ బొమ్మ కంప్యూటర్లో తయారవ్వాలి. ఆయన పాత కంప్యూటరుకి ఒక్కో బొమ్మా ప్రాణం మీదికి వచ్చేది. మీట నొక్కగానే తెర అడుగున ఒక పచ్చగీత బయల్దేరేది. అది ఈ చివర నుంచి ఆ చివరికి పాకేసరికి ముప్పావు గంట. ఆ ఇంట్లో దానికొక పేరు కూడా ఉంది: బొమ్మ ఉడకడం.

"ఏమే, బొమ్మ ఉడుకుతోంది!" అని కేకేసి మామగారు వంటింట్లోకి నడిచేవారు. అక్కడ గట్టు పక్కన ఆయన స్వయంగా చేసుకున్న మూడుకాళ్ళ స్టూలు ఉంది. దాని మీద చతికిలబడి, అత్తగారు ముందుకు తోసిన చిక్కుడుకాయలకి పీచు తీస్తూ, వచ్చిన బేరాల గురించి గొప్పలు కోసేవారు. ఆవిడ ఒక్క ముక్కా నమ్మేది కాదు. ఆవిడ ఎదురింటి వాళ్ళ కబుర్లు చెప్పేది. ఆయన ఒక్క ముక్కా నమ్మేవారు కాదు. నీది అబద్ధమంటే నీది అబద్ధమని ఇద్దరూ గొంతు పెంచేవాళ్ళు. అంతలో ముందుగదిలోంచి కంప్యూటరు 'టింగ్' అనేది. మామగారు సగం మాట నోట్లో ఉండగానే లేచి వెళ్ళిపోయేవారు. మిగతా సగం తర్వాతి బొమ్మ ఉడికేటప్పుడు.

ఇదంతా చిన్నల్లుడి కళ్ళకి ఆనలేదు. అతని కళ్ళకి ఆనిందల్లా ఆ పచ్చగీత. దాన్ని చూస్తుంటే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది.

"మామయ్యా, ఇది కంప్యూటరు కాదు, శవం. దీనికి రోజూ స్నానం చేయించి బట్టలు తొడుగుతున్నారు మీరు."

"పని చేస్తోందిగా అల్లుడుగారూ."

"ముప్పావు గంట చేస్తోంది! కొత్తదైతే రెండు నిమిషాలు. నన్ను ఒక్క ఆదివారం నమ్మండి."

మామగారు నమ్మదలచుకోలేదు. కానీ ఆ జోరీగని చెవిలోంచి వదుల్చుకోవడానికి నమ్మడం తప్ప మరో దారి కనిపించలేదు. సరేనన్నారు.

ఆ ఆదివారం ముందుగది నిండా అట్టపెట్టెలు. కుటుంబమంతా హాజరు. పెద్దల్లుడు కూడా వచ్చాడు. ఆయన బ్యాంకు మేనేజరు. జీవితంలో ఒక్కసారి కూడా తొందరపడి ఎరగడు. టీ కప్పు పట్టుకుని కిటికీ పక్క కుర్చీలో ఆసీనుడై, నాటకం చూడ్డానికి వచ్చినవాడిలా కాలు మీద కాలు వేసుకున్నాడు. చిన్నల్లుడికి లోకంలో ఎవరన్నా లెక్కలేదు గానీ, ఈ తోడల్లుడి మూతి చివర్న మొలిచే చిన్న నవ్వంటే మాత్రం హడల్. ఈయన ముందు పరువు పోతే ఇక పోయినట్టే. ఆ కథని ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పుట్టినరోజు నాడూ, నిదానంగా, ఒక్క వివరమూ వదలకుండా చెప్పే ఓపిక ఆ మహానుభావుడికి ఉంది.

చిన్నల్లుడు చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగాడు. పెట్టెలోంచి మదర్‌బోర్డు తీసి నెలల పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ప్రాసెసరు మీద బూడిదరంగు పేస్టు పిండుతుంటే అత్తగారు తొంగి చూసి, "అదేంటి బాబూ, దానిక్కూడా పళ్ళు తోమాలా?" అంది. చిన్నమ్మాయి, అంటే అతని పెళ్ళాం, పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. ఆపరేషన్ చేస్తున్న డాక్టరు నవ్వుతాడా? ఆఖర్న గ్రాఫిక్స్ కార్డు తీశాడు. ఇటుకంత ఉంది.

"అంతా దీని కోసమే మామయ్యా. బొమ్మల పనంతా ఇదే నెత్తినేసుకుంటుంది. మిగతావన్నీ దీనికి సేవకులు."

కంప్యూటరు పెట్టె మూత బిగించి, వెనక వైర్లన్నీ గుచ్చి, మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర వెలిగింది. మామగారు తెర మీద ఒక వంటింటి అలమరా తెరిచి బొమ్మని పొయ్యి మీద పెట్టారు. పచ్చగీత బయల్దేరింది. అందరూ ఊపిరి బిగబట్టారు. కాసేపటికి ఊపిరి వదిలేశారు, ఎందుకంటే ఎంతసేపని బిగబడతారు? అత్తగారు వెళ్ళి కూర తాలింపు పెట్టుకొచ్చింది. పెద్దల్లుడు రెండో టీ తాగాడు. పచ్చగీత సగం దాటలేదు.

"రెండు నిమిషాలు చాలా పెద్దవిగా ఉన్నాయి తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు, ఎంతో మర్యాదగా.

"కొత్తది కదా అన్నయ్యా, ఇంకా సర్దుకోవాలి. ట్యూనింగ్ చెయ్యాలి."

చేశాడు. మామూలుగా చేశాడా! కంప్యూటరు లేవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములన్నిటినీ పడుకోబెట్టాడు. కరెంటు పొదుపు తీసేసి, ఎంత కావాలంటే అంత తినమన్నాడు. డ్రైవరు ప్రోగ్రాములు కొత్తవి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. కంప్యూటర్లో కిటికీలు తెరుచుకునేటప్పుడు ఊగే ఊపులు ఆపేశాడు. తెర మీద మామగారు మురిపెంగా పెట్టుకున్న ఆయన మొదటి అలమరా ఫోటో ఉంటే, "ఇదీ బరువే" అని అదీ పీకేశాడు. తెర మొత్తం నల్లగా, బోడిగా తయారైంది.

"అల్లుడుగారూ, ఇంకాసేపుంటే తెర కూడా బరువే అంటారేమో," అన్నారు మామగారు.

మళ్ళీ బొమ్మ పెట్టారు. మళ్ళీ అదే పాకుడు. భోజనాలయ్యాయి. పెద్దల్లుడు ఏమీ అనకుండా కూర మెచ్చుకున్నాడు. ఏమన్నా అన్నా బాగుండేది.

సాయంత్రం చిన్నల్లుడి చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి బల్ల వెనక్కి దొర్లింది. తీసుకోవడానికి మోకాళ్ళ మీద దూరి, తల పైకెత్తి చూశాడు. చూసి, అలాగే బిగుసుకుపోయాడు.

ఇటుకంత గ్రాఫిక్స్ కార్డుకి వెనక నాలుగు కన్నాలు. నాలుగింటికీ కంపెనీవాడు పెట్టిన ప్లాస్టిక్ బిరడాలు ఇంకా చెక్కుచెదరలేదు. తెర నుంచి వచ్చిన వైరు వాటికి జానెడు పైన, మదర్‌బోర్డు సొంత కన్నంలో హాయిగా కూర్చుంది. అంటే పొద్దుటినుంచీ బొమ్మలు ఉడకబెడుతున్నది కార్డు కాదు, మదర్‌బోర్డుతో పాటు ఊరికే వచ్చిన బక్కప్రాణి. కార్డు మహారాజు లోపల కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు. ఆ కార్డు కొనిపించినవాడు, దాని గురించి ఉపన్యాసం ఇచ్చినవాడు, దానికి వైరు పెట్టడం మర్చిపోయాడు! చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు. కిటికీ పక్కన టీ కప్పు సాసరు మీద ఆనిన చప్పుడైంది.

బల్ల కిందనుంచి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ ఒకసారి గదిలోంచి బయటికి వెళ్ళాలి. లోపల స్టాటిక్ కరెంటు ఉంటుంది. కొంచెం లోతైన ట్యూనింగ్ చెయ్యాలి."

"మాకు షాక్ కొడుతుందా?" అంది పెళ్ళాం.

"మీకు కాదు, దానికి కొడుతుంది. వెళ్ళండి వెళ్ళండి!"

అందరూ వెళ్ళారు. పెద్దల్లుడు అందరికన్నా ఆఖర్న, వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. మామగారు గుమ్మం దాటి, వసారాలో అటు తిరిగి నిలబడ్డారు. చిన్నల్లుడు బిరడా పీకి, వైరు పై కన్నంలోంచి లాగి కింది కన్నంలో గుచ్చి, కొంచెంసేపు ఊరికే స్క్రూడ్రైవరుతో అక్కడా ఇక్కడా తట్టి, నుదుటి చెమట తుడుచుకోకుండానే పిలిచాడు. చెమట కనబడితేనే మంచిదనుకున్నాడు.

బొమ్మ పెట్టారు. పచ్చగీత పాకలేదు, ఎగిరింది. అత్తగారు 'అయ్యో' అనేలోపే 'టింగ్' అంది. చెక్క నరాలతో సహా అలమరా తెర మీద నిగనిగలాడింది. చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. పెద్దల్లుడి మూతి చివర నవ్వు మొలవకుండానే ఎండిపోయింది. ఆహా, ఆ ఒక్క దృశ్యం చాలు, జన్మ ధన్యం!

"ఇంతకీ ఏం చేశారు అల్లుడుగారూ?" అన్నారు మామగారు, కొంచెం తల వంచి చూస్తూ.

"లోపల చిన్న అడ్జస్ట్‌మెంటు మామయ్యా. చెప్పినా అర్థం కాదు."

"అంతేలెండి," అన్నారాయన.

ఆ తర్వాత చిన్నల్లుడు నేల మీద నడిస్తే ఒట్టు. మామగారికి బేరాలు పెరిగాయి. ఒక్కో అలమరాకీ ఒకే బొమ్మ కాదు, ఇప్పుడు పది రంగుల్లో పది బొమ్మలు. అందరూ స్పీడు పేరు చెప్పుకుంటున్నారని అతనే అందరికీ చెప్పాడు.

రెండు నెలలకి ఒకరోజు అత్తగారు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి వెళ్ళమంది. వెళ్ళాడు. మామగారు ముందుగదిలో తెరకి అతుక్కుని ఉన్నారు. చెయ్యి ఊపారు గానీ తల తిప్పలేదు. బల్ల మీద తిన్న కంచం అలాగే ఉంది. అత్తగారు అతన్ని వంటింట్లోకి పిలిచింది. కూర్చోబోతే మూడుకాళ్ళ స్టూలు మీద ఇస్త్రీ బట్టల దొంతర. ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టింది.

"బాబూ, ఆ కంప్యూటర్ని మళ్ళీ నెమ్మది చెయ్యడం మీకు వచ్చా?"

చిన్నల్లుడు తను విన్నది నిజమేనా అనుకున్నాడు. "నెమ్మదా? ఎందుకత్తయ్యా?"

"ఎందుకేమిటి! ఇంట్లో మనిషి ఉన్నట్టా, లేనట్టా? పొద్దున కూచుంటే సాయంత్రం లేస్తారు. అన్నం అక్కడికే. టీ అక్కడికే. ఇదివరకు బొమ్మ ఉడుకుతుంటే ఇక్కడికొచ్చి నన్ను నానా మాటలూ అనేవారు. నేనూ అనేదాన్ని. ఇప్పుడు తిట్టే దిక్కు లేదు నాకు. ఎదురింటావిడ కారు నేర్చుకుంటూ వాళ్ళ గేటు వాళ్ళే గుద్దేసుకుంటే, ఎవరికి చెప్పాలి బాబూ? గోడకి చెప్పాను."

"రమ్మని పిలవొచ్చుగా?"

"పిలిచి రప్పించుకోడానికి ఆయనేమన్నా ప్లంబరా?" ఆవిడ ముక్కు ఎర్రబడింది. "ఊరికే వచ్చి కూచోవడం ఆయనకి చేతకాదు. ఏదో ఒక వంక ఉండాలి. పెళ్ళయిన కొత్తలో జిగురు ఆరేదాకా అని వచ్చి కూచునేవారు. తర్వాత బొమ్మ ఉడికేదాకా. ఆ వంక మీరు తీసేశారు. నాకు బెంగగా ఉంది బాబూ, పక్కగదిలో ఉన్న మనిషి మీద. ఎవరికన్నా చెబితే నవ్వుతారు."

చిన్నల్లుడు నవ్వలేదు. కానీ ఒప్పుకోలేకపోయాడు కూడా. నెమ్మది చెయ్యడం ఎలాగో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? వైరు జానెడు పైకి మారిస్తే చాలు. కానీ అది నెమ్మదిస్తే పోయేది ఎవరి పేరు? తోడల్లుడి నవ్వు కళ్ళముందు మొలిచి పూలు కూడా పూసింది. "చూద్దాం అత్తయ్యా," అని నసిగి బయటపడ్డాడు.

ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పాడు.

"నీకేమనిపించింది?" అన్నాడు.

"అమ్మ అదృష్టవంతురాలు అనిపించింది. కొన్నాళ్ళయినా ఉడికాయి. మనింట్లో ఎప్పుడూ ఏదీ ఉడకదుగా," అని ఆమె లేచి వెళ్ళి పడుకుంది.

అతని కంప్యూటరు ఎదురుగా క్షణంలో లేవడానికి సిద్ధంగా ఉంది. లేపబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం పెద్దమ్మాయి తప్ప అందరూ మళ్ళీ మామగారింట్లో చేరారు. పెద్దల్లుడు వసారాలో పేపరు చదువుతున్నాడు. చిన్నల్లుడు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. పేరు పోతే పోయింది, అత్తగారి ముక్కు ఎర్రబడ్డం చూడలేను అనుకున్నాడు. "మామయ్యా, వెనక దుమ్ము పట్టి ఉంటుంది, దులుపుతాను," అని గుడ్డ పట్టుకుని బల్ల కింద దూరాడు. వైరు కోసం చెయ్యి చాపాడు.

కింది కన్నంలో వైరు లేదు.

ఫోను లైటు వేసి చూశాడు. కార్డుకి నాలుగు బిరడాలూ పద్ధతిగా పెట్టి ఉన్నాయి. వైరు పై కన్నంలో ఉంది.

"దొరికిందా అల్లుడుగారూ?" పైనుంచి మామగారి గొంతు, గుసగుసగా.

చిన్నల్లుడు గబుక్కున లేవబోయి తల బల్లకి ఠపీమని కొట్టుకున్నాడు. "మీరా? మీకెలా..."

మామగారు వసారాలో ఉన్న అలమరాని గడ్డంతో చూపించారు. దాని తలుపులకి నిలువెత్తు అద్దాలు. "ఆ అద్దాలు నేనే బిగించాను. అక్కడ నిలబడితే ఈ బల్ల వెనకంతా సినిమాలా కనబడుతుంది. ఆ రోజు మీ లోతైన ట్యూనింగ్ మొత్తం చూశాను. స్క్రూడ్రైవరుతో ఉత్తినే తట్టడం దగ్గర మాత్రం నవ్వాపుకోలేక చచ్చాను."

చిన్నల్లుడికి తల కొట్టేసినట్టయింది. "మరి ఎవరికీ చెప్పలేదే?"

"కూతుర్ని ఇచ్చుకున్నాక చెప్పి ఏం లాభం?"

"మరి ఇప్పుడెందుకు మార్చారు?"

"మొన్న ఎవరో గేటు గుద్దారట కదా, ఎదురింట్లో? పాలవాడు చెబితే తెలిసింది నాకు. పాలవాడు! నా పెళ్ళాం కళ్ళతో చూసిన సంగతి పాలవాడు చెప్పాలా నాకు? సిగ్గేసింది. ఆవిడ గొంతు విని ఎన్నాళ్ళయిందో అనిపించింది. వెళదామని లేచాను. తీరా గుమ్మం దాకా వెళ్ళాక, ఎందుకొచ్చారంటే ఏం చెప్పాలో తోచలేదు. తిరిగొచ్చేశాను." వంటింటి వైపు ఓ చూపు వేశారు. "అందుకని పొద్దున మార్చేశాను. మీ అత్తయ్యకి చెప్పకండి. నెత్తికెక్కుతుంది."

అంతలో పేపరు మడిచిన చప్పుడు.

"ఏంటి తమ్ముడూ, బల్ల కింద కాపురం పెట్టావు? మళ్ళీ మొరాయించిందా?" అంటూ పెద్దల్లుడు లోపలికి వచ్చాడు.

చిన్నల్లుడు మామగారి వంక చూశాడు. మామగారు మొహంలో ఏ భావమూ లేకుండా, ఇల్లంతా వినబడేలా అందుకున్నారు. "మొరాయించక? చిన్నల్లుడుగారి కంప్యూటరు కదా! రెండు నెలలకే మూలపడింది. మళ్ళీ ముప్పావు గంట. పాత శవమే నయం!"

పెద్దల్లుడి మూతి చివర నవ్వు మొలిచింది. ఎండబెట్టడానికి ఒక్క మాట చాలు. నేను కాదు, మామయ్యే మార్చారు అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నల్లుడు దాన్ని మింగేశాడు. నిప్పులు మింగినట్టయింది.

"అవునన్నయ్యా. నా వల్ల కాలేదు."

"పర్లేదులే తమ్ముడూ, అందరికీ అన్నీ రావుగా," అని పెద్దల్లుడు భుజం తట్టి, ఈ సంగతి తన పెళ్ళానికి ఫోన్లో చెప్పడానికి వసారాలోకి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి.

మామగారు తెర మీద ఒక అలమరా తెరిచి, మీట నొక్కి, కుర్చీ వెనక్కి తోశారు. "ఏమే, బొమ్మ ఉడుకుతోంది!"

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, మామగారిని కాదు, చిన్నల్లుణ్ణి చూసింది. కళ్ళు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది. అంతా అతని చలవే అనుకుంది పాపం. చెయ్యని పనికి తిట్లూ తిన్నాడు, చెయ్యని పనికి దణ్ణమూ అందుకున్నాడు. రెండింటిలో ఏదీ తిరిగి ఇచ్చే వీల్లేదు.

మామగారు లోపలికి వెళ్ళారు. స్టూలు నేల మీద గీరుకున్న చప్పుడైంది. తర్వాత, "గేటే కాదండీ, గోడ కూడా!" అని అత్తగారి గొంతు, "నువ్వు చూశావా?" అని మామగారి గొంతు, "చూడకపోతే చెబుతానా?" అని మళ్ళీ ఆవిడ గొంతు, ఇంటిపైకప్పు లేచిపోయేట్టు.

చిన్నల్లుడు తెర ముందు ఒక్కడే మిగిలాడు. పచ్చగీత పాకుతోంది. ఒళ్ళంతా జెర్రులు. వైరు జానెడు కిందికి మారిస్తే చాలు. చెయ్యి దానంతట అదే అటు వెళుతుంటే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పెళ్ళాం వచ్చి వెనక నిలబడింది. తెర వంక చూసింది. అతని చేతులు ఎక్కడున్నాయో కూడా చూసింది.

"ఎంతసేపు పడుతుంది?"

"ముప్పావు గంట."

"అయితే కొంచెం జరుగు," అంది.

జరిగాడు.